ఎక్స్ సాబ్ ఎంతకి ఒప్పుకుంటాడు

ఏప్రిల్ 15, మంగళవారం

మళ్ళీ డైరీ. జనగామలో టీచర్‌గా ఉన్నప్పుడు రోజూ రాసేదాన్ని. పెళ్ళై మానుకోట వచ్చాక మానేశాను. రొట్టెలు చేశాను, గిన్నెలు కడిగాను అని ఎన్ని రోజులు రాస్తాం? ఇవాళ మాత్రం రాయాలి. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి నా మాట నెగ్గింది.

నీళ్ళ క్యాన్ల మీద నెగ్గింది. ఇంటి దగ్గర వేసే ట్రాలీవాడు క్యాన్‌కి ఇరవై తీసుకుంటాడు. గల్లీ చివర ప్లాంట్‌లో అయితే కార్డుకి నూట యాభై కట్టాలి, ఆ తర్వాత క్యాన్‌కి ఐదే. అత్తమ్మ కార్డు వద్దంది. నూట యాభై ముందే ఎందుకియ్యాలె, రేపు వాడు ప్లాంట్ బంద్ పెడితే ఎవర్నడుగుతవ్ అంది. నేను క్యాలెండర్ వెనక రాసి చూపించాను. ఒక దిక్కు 20x, ఇంకో దిక్కు 150 + 5x. x అంటే ఎన్ని క్యాన్లు అని. పదో క్యాన్ దగ్గర రెండూ సమానం. పదకొండో క్యాన్ నుంచి పదిహేను రూపాయల చొప్పున మిగులు.

అత్తమ్మ పేరు లతీఫా బేగం. పిలిచేది అమ్మీ అని, ఇక్కడ మాత్రం అత్తమ్మే. ఏడో తరగతి దాకా ఉర్దూ మీడియం. తెలుగు అక్షరాలు రావు గానీ అంకెల్లో ఆమెను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు. ఏ ధరనూ చెప్పినంత మాత్రాన నమ్మదు. స్వయంగా పోయి, కళ్ళతో చూసి, బేరం చేసి, అప్పుడు గానీ సంచీ తెరవదు. ఆ రెండు లైన్లనూ చాలాసేపు చూసి, ఈ ఎక్స్ ఎవరు అని అడిగింది. ఎవరో ముందు తెలియదు, లెక్క చేస్తే బయటపడతాడు అన్నాను. అయితే ఎక్స్ సాబ్ పదికి ఒప్పుకున్నడన్నట్టు అంది.

కార్డు కొన్నారు. క్యాన్ తెచ్చేది నేను. రోజూ గల్లీ చివరిదాకా పోయి రావచ్చు. నిజం చెప్పాలంటే నాకు కావాల్సింది అదే. పదిహేను రూపాయలు ఎవడిక్కావాలి?

ఏప్రిల్ 18, శుక్రవారం

మా ఇల్లూ దుకాణం ఒకటే. ముందు గదిలో మామయ్య రహ్మాన్ (పిలిచేది అబ్బా అని) ఆటో సీట్లు చేస్తాడు. చిరిగిన సీటు విప్పి, కొత్త ఫోమ్ వేసి, రెక్సిన్ కవర్ తొడగడం ఆయన పని. వెనక గదుల్లో అత్తమ్మా నేనూ. మధ్యలో ఆకుపచ్చ పర్దా. దాని ముందుకు నేను పోను. పోవద్దని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు.

మా ఆయన అజహర్ ఇక్కడ ఉండడు. భూపాలపల్లి కరెంటు ప్లాంట్‌లో కాంట్రాక్ట్ ఫిట్టర్. రెండు వారాలకోసారి ఆదివారం వస్తాడు. మంచోడే. నవ్విస్తాడు. జనగామ ఎప్పుడు తీసుకుపోతావ్ అంటే, వచ్చే నెల చూద్దాం, ఈ నెల గిట్టుబాటు కాదు అంటాడు. ఈ ఇంట్లో అన్నిటికీ ఒకటే మాట, గిట్టుబాటు. ఏడిస్తే పని కాదు, అలిగితే పని కాదు. గిట్టుబాటు అని చూపిస్తే అవుతుంది. ఈ సంగతి అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మ్యాథ్స్ టీచర్‌నట!

ఇక్కడ ఎవరూ తిట్టరు. సాయంత్రం మిర్చీ బజ్జీలు తెస్తే మామయ్య ముందు నాకే పెట్టమంటాడు. అందుకే ఫోన్‌లో అక్క ఎట్లున్నవే అని అడిగినప్పుడు ఏం చెప్పాలో తోచదు. ఊపిరాడట్లేదక్కా, బజ్జీలు తెస్తున్నారు అని చెప్పాలా?

బీఎస్సీ, బీఈడీ చదివాను. పదో తరగతికి ఏడాది పాఠం చెప్పాను. పెళ్ళిచూపుల్లో, మా దగ్గర కూడా స్కూళ్ళున్నాయి కదా అన్నారు. ఉన్నాయి. పొద్దున పిల్లల ఆటోలు మా దుకాణం ముందు నుంచే పోతాయి. హారన్ వినపడుతుంది.

ఏప్రిల్ 22, మంగళవారం

ఈరోజు దుకాణం లెక్కకి నన్ను పిలిచారు! దుకాణం లెక్కకి!

సీటు కవర్లు కుట్టేది శ్రీశైలం అన్న. మామయ్య ముక్కలు కట్ చేసి పంపిస్తే, బస్టాండ్ వెనక తన మిషన్ మీద కుట్టి ఇస్తాడు. సెట్టుకి నూట ఇరవై ఉన్నది నూట యాభై చేశాడట. మామయ్యకి కోపం వచ్చింది. పాత హెవీ డ్యూటీ మిషన్ ఒకటి ఆరువేల ఐదొందలకి దొరుకుతుంది, కొందామా వద్దా అని పొద్దుట్నుంచి ఒకటే గొణుగుడు. అత్తమ్మ నన్ను పర్దా దాకా పిలిచి, మన ఎక్స్ సాబ్‌ని అడుగుదాం అంది.

ఫోమ్ వచ్చిన అట్టపెట్టె మీద గీశాను. శ్రీశైలం అన్న గీత 150x. మిషన్ గీత 6500 + 20x. ఇరవై అంటే దారం, సూదులు, కరెంటు. యాభయ్యో సెట్టు దగ్గర రెండు గీతలూ కలిశాయి. స్కూళ్ళు తెరిచేలోపు ఆటోలన్నీ సీట్లు మార్పిస్తాయి కాబట్టి నెలకి నలభై సెట్లకి తక్కువ రావు. అంటే నెలన్నర లోపలే మిషన్ డబ్బులు తిరిగొస్తాయి. ఆ తర్వాత సెట్టుకి నూట ముప్పై లాభం.

మామయ్య అట్టపెట్టెను వెలుతురుకి పట్టుకుని చూశాడు. మా కోడలు ఇంజినీర్ అని ఒక ఆటో అతనికి చెప్తుంటే ఇవతల్నుంచి విన్నాను. గర్వంగా అనిపించింది. రాత్రి రొట్టెలు రెండు ఎక్కువే తిన్నాను.

ఏప్రిల్ 26, శనివారం

మిషన్ వచ్చింది. పర్దా వెనక పెట్టారు. ఎవరు కుడతారు అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మే 6, మంగళవారం

రేకుల కింద కూర్చుని రెక్సిన్ కుడుతుంటే ఆ వాసన అన్నంలోకి కూడా వస్తుంది. ఎండ నలభై రెండో నలభై మూడో. ఫ్యాన్ పెడితే ముక్కలు ఎగురుతాయని ఆపేస్తాను.

మిషన్ ఆగితే చాలు, పర్దా అవతల నుంచి మామయ్య ఏమైంది బేటా అంటాడు. నీళ్ళు తాగుతున్నాను అబ్బా అంటాను. ప్రేమగానే అడుగుతాడు. కానీ రోజుకి ఇరవైసార్లు ప్రేమగా అడిగితే ఎట్లుంటుందో నాకే తెలుసు. ఇప్పుడు చప్పుడు బట్టే అన్నీ తెలిసిపోతున్నాయి. దారం తెగితే చూడక్కర్లేదు. అంతవరకూ నిండుగా ఉన్న చప్పుడు ఒట్టిదై టకటకమంటుంది.

నీళ్ళ క్యాన్ కూడా ఇప్పుడు ట్రాలీవాడే వేస్తున్నాడు. నాకు టైం లేదని అత్తమ్మే మళ్ళీ మాట్లాడింది. కార్డు గోడకి వేలాడుతోంది. అంటే గల్లీ చివర కూడా పోయింది.

పక్కింటి మార్తమ్మ వచ్చింది సాయంత్రం. రెండిళ్ళల్లో వంట చేస్తుంది. ఆదివారం ఆదివారం డోర్నకల్ చర్చికి పోయి వస్తుంది. చార్జీ ఎంత అని అడిగితే నన్ను వింతగా చూసింది. ఆడోళ్ళకి బస్సు ఫ్రీ అయి ఎన్నేండ్లాయె బిడ్డా, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టిస్తరు, నువ్వింకా ఎక్కలేదా అంది. ఎక్కలేదు. ఎన్నిసార్లు ఎక్కినా సున్నా. y = 0x. అటువంటి గీత నేలమీదే పడుకుని ఉంటుంది, పైకి లేవదు. ఇంత చవకైన వస్తువు ఇంకోటి లేదు. ఈ ఇంట్లో అది ఎవరికీ ఎందుకు గుర్తులేదో.

మే 14, బుధవారం

నీలి ఫోన్ చేసింది!

నీలి నా బీఎస్సీ క్లాస్‌మేట్. కురవి దగ్గర తండా వాళ్ళది. డోర్నకల్‌లో ఒక ప్రైవేట్ స్కూల్‌లో సైన్స్ చెప్తుంది. వాళ్ళ మ్యాథ్స్ సార్ మానేశాడట. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు. జీతం పదివేలు. నీ పేరు చెప్పిన, ప్రిన్సిపల్ సరే అన్నడు, జూన్ పన్నెండు స్కూల్ తెరిచేనాడు సర్టిఫికెట్లు, ఆధార్ పట్టుకొని వచ్చి జాయిన్ కావాలె, ఆ రోజు దాటితే ఇంకొకర్ని తీస్కుంటరు అంది. రావాలె, తప్పించుకోకు అని మూడుసార్లు అంది.

ఫోన్ పెట్టేసి మళ్ళీ మిషన్ మీద కూర్చున్నాను. రెండు సెట్లు వంకరగా కుట్టి విప్పాను.

మే 15, గురువారం

నా ఆధార్ ఇనప బీరువాలో ఉంది. సర్టిఫికెట్లూ అందులోనే. తాళంచెవి అత్తమ్మ దగ్గర ఉంటుందనుకునేదాన్ని. కాదు. మామయ్య మొలతాడుకి ఉంది. అత్తమ్మ ఆధార్ కూడా ఆ బీరువాలోనే.

మే 25, ఆదివారం

అజహర్ వచ్చాడు. అన్నం తిన్నాక చెప్పాను. ముందే గిట్టుబాటు చూపించాను, తెలివిగా. జీతం పదివేలు, బస్సు సున్నా, అంటే పదివేలకి పదివేలూ మిగులు అని. అజహర్ కాదనలేదు. మామయ్య కూడా కాదనలేదు. అత్తమ్మ మాత్రం అట్ట ముక్క తెచ్చింది. చాక్‌పీస్ తెచ్చింది.

నేను నేర్పిన పద్ధతే. ఖర్చులన్నీ రాయాలె అని నువ్వే అన్నవ్ కదా అంది. నువ్వు పోతే సీట్లు మళ్ళా శ్రీశైలం కుట్టాలె, నెలకి నలభై సెట్లు, ఆరువేలు. నాకు మోకాళ్ళు నొప్పులు, వంటకి మార్తమ్మని పెట్టాలె, మూడువేలు. ఇంటి నుంచి బస్టాండ్‌కి, ఆడ దిగినంక స్కూల్‌కి ఆటోలు, పదిహేనొందలు. మొత్తం పదివేల ఐదొందలు. ఇవి కాక టీచరమ్మకి మంచి చీరలు, చెప్పులు, బ్యాగు ఒకసారి మూడువేలు. ఒక దిక్కు 10000x, ఇంకో దిక్కు 3000 + 10500x. చెప్పు, ఎక్స్ సాబ్ ఎన్ని నెలలకి ఒప్పుకుంటడు?

ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను చేశాను. చేతిలో చాక్‌పీస్ ఉంటే లెక్క వదలడం నాకు రాదు. x = మైనస్ ఆరు.

మైనస్ ఆరంటే ఏంది అని మామయ్య అడిగాడు. ఆ రెండు గీతలూ ఆరు నెలల కిందట కలిసి ఉండాల్సింది అన్నాను. ముందుకి పోతే ఎప్పటికీ కలవవు. అజహర్ నా తల నిమిరి, చూసినవా, నేనేం వద్దనలేదు, లెక్కే వద్దంటుంది అన్నాడు.

మే 26, సోమవారం

ఆరు నెలల కిందట ఇంట్లో మిషన్ లేదు. దాన్ని నేనే కొనిపించాను.

మే 31, శనివారం

ఈరోజు యాభయ్యో సెట్టు. మామయ్య లెక్కపెట్టుకుంటున్నాడు కాబోలు, సాయంత్రం జిలేబీ తెచ్చాడు. మిషన్ పైసలు ఒడ్డెక్కినయి బేటా, నువ్వు చెప్పినట్టే అయింది అన్నాడు.

జిలేబీ నోట్లో ఉండగా తెలిసింది. పదో తరగతి పిల్ల చేసినా మార్కులు కోసేసే తప్పు నేను చేశాను. 6500 + 20x. ఇరవైలో దారం ఉంది, సూది ఉంది, కరెంటు ఉంది. నేను లేను. కుట్టే మనిషికి ఎంత? సున్నా వేశాను. ఎవరూ వేయమనలేదు. నా చేత్తో నేనే వేశాను. క్యాన్ల లెక్కలో మోసేదానికి సున్నా, ఇక్కడ కుట్టేదానికి సున్నా. నేను లోపల ఉన్నంతసేపూ సున్నా. బయటికి అడుగు పెడతానంటే అదే పనికి, కుట్టుకీ వంటకీ కలిపి, తొమ్మిదివేలు! ఒకే లెక్కలో ఒకే మనిషికి రెండు ధరలు ఎట్ల ఉంటాయి?

జూన్ 7 బక్రీద్‌కి అజహర్ వస్తాడు. ఆ రోజే చెప్తాను.

జూన్ 7, శనివారం. బక్రీద్

చెప్పాను. ఖుర్బానీ మాంసం పంచడాలు అయ్యాయి, అందరూ తిన్నారు, మంచి మూడ్‌లో ఉన్నారు. అట్ట ముక్క నేనే తెచ్చాను. నేను పోతే తొమ్మిదివేల పని ఆగుతుందంటే, ఉన్నప్పుడు తొమ్మిదివేల పని చేస్తున్నట్టే కదా అన్నాను. అది ఎక్కడా రాయలేదు. రాస్తే రెండు గీతల్లోనూ రాయాలి, లేకపోతే రెండింట్లోనూ కొట్టెయ్యాలి. పూర్తిగా చెప్పాను.

అజహర్ శ్రద్ధగా విన్నాడు. నిజమే, తప్పు మాదే అన్నాడు. ఒక్క క్షణం గెలిచాననుకున్నాను. తర్వాత నా చేతిలో చాక్‌పీస్ తీసుకుని తనే రాశాడు. సరే, నీ పనికి తొమ్మిదివేలు. ఇంట్ల కూసుంటే తొమ్మిదివేలు వస్తున్నయ్. స్కూల్‌కి పోతే పదివేలల్ల ఆటోకి పదిహేనొందలు పోను ఎనిమిదిన్నర. మరి ఏది లాభం? నువ్వు ఇంట్లనే మంచి జీతం తీస్కుంటున్నవ్ అమ్రీన్, అన్నాడు. మామయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. అజహర్ కూడా నవ్వాడు. ఎగతాళి కాదు, లెక్క కుదిరినందుకు నవ్వాడు.

లెక్క కరెక్టే. అదే నా ఖర్మ. నాకు ధర లేదన్నప్పుడు లోపలే ఉన్నాను, ధర ఉందని నిరూపించినా లోపలే ఉన్నాను. గిన్నెలు కడుగుతూ ఏడ్చాను. నల్లా చప్పుడు ఉంది కాబట్టి సరిపోయింది.

అత్తమ్మ మాత్రం నవ్వలేదు. అప్పుడు గమనించలేదు, ఇప్పుడు రాస్తుంటే గుర్తొస్తుంది.

జూన్ 8, ఆదివారం

అజహర్ మధ్యాహ్నం బస్సుకి భూపాలపల్లి పోయాడు. మామయ్య పడుకున్నాడు. అత్తమ్మ అట్ట ముక్క తిరగేసి తెచ్చి నా ముందు పెట్టింది. నాది కూడా గియ్ అంది.

ఏం గీయాలి అమ్మీ అన్నాను. నిన్న నీ పనికి రేటు కట్టినవ్ కదా, నేనూ రొట్టెలు చేసిన, ఈ ఇంటికి వచ్చిన కాన్నుంచి చేసిన, నా గీత ఎంత దూరం పోతదో గియ్ అంది. మార్తమ్మ రేటు మూడువేలే వేశాను. 3000x. ఈసారి x తెలియనివాడు కాదు. పెళ్ళయిన సంవత్సరం ఆమెకి తెలుసు, నెల కూడా తెలుసు. వానాకాలం, చెరువు అలుగు పోస్తుందట. గుణించి రాశాను. ఆ అంకెను ఆమె ఎడమ నుంచి కుడికి, మళ్ళీ కుడి నుంచి ఎడమకి చదివింది. ఇన్ని పైసలు ఎవరి దగ్గరున్నయ్ అని అడిగింది. ఎవరి దగ్గరా లేవు అమ్మీ అన్నాను. అరచేత్తో తుడిచేసి, రాత్రికి ఏం వండాలె అని లేచిపోయింది.

ఆమె మీద నాకు పీకలదాకా కోపం ఉండేది. ఇప్పుడు అది ఎక్కడ పెట్టాలో తెలియట్లేదు.

జూన్ 9, సోమవారం

నీలి ఫోన్. ఎవరో ఖమ్మం నుంచి అడుగుతున్నారట. గురువారం పొద్దున తొమ్మిదిలోపు రాకపోతే వాళ్ళకిచ్చేస్తారట. వస్తున్నవా లేదా సాఫ్‌గా చెప్పు అంది.  సిగ్నల్ లేదన్నట్టు కట్ చేశాను. నీలికి కూడా అబద్ధమే.

జూన్ 10, మంగళవారం

ఆరు సెట్లు.

సాయంత్రం అత్తమ్మ మామయ్యని తాళంచెవి అడిగింది. రేషన్ కార్డు కేవైసీ చెయ్యకపోతే సన్నబియ్యం బంద్ చేస్తరంట, ఆడోళ్ళ ఆధార్లు తెమ్మన్నడు డీలర్ అంది. మామయ్య టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా మొలతాడు నుంచి తాళంచెవి విప్పి ఇచ్చాడు. మన ఇంటి కేవైసీ చలికాలంలోనే అయిపోయింది. నాకు తెలుసు, వేలిముద్ర వేశాను. 

జూన్ 11, బుధవారం

పొద్దున లేచేసరికి అత్తమ్మ లేదు. రేషన్ దుకాణం దగ్గర లైన్‌లో ఉందేమో అన్నాడు మామయ్య. మధ్యాహ్నమైనా రాలేదు. ఆయన రెండుసార్లు గల్లీ దాకా పోయి వచ్చాడు. కూరలో ఉప్పు లేదని కూడా అనకుండా తిన్నాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. మోకాళ్ళ నొప్పుల మనిషి, ఈ ఎండలో ఎక్కడ పడిపోయిందో అని.

మూడింటికి వెనక గుమ్మం నుంచి వచ్చింది. బుర్ఖా దుమ్ము కొట్టుకుపోయింది. రేషన్ దుకాణంలో సర్వర్ డౌన్ అని మామయ్యకి ఒక కేక వేసి, నన్ను వంటింట్లోకి లాగి తలుపు దగ్గరికేసింది. చేతిలో రెండు టికెట్లు. మానుకోట నుంచి డోర్నకల్, డోర్నకల్ నుంచి మానుకోట. ఒంటరిగా బస్సెక్కడం ఇదే మొదలట. కండక్టర్ పైసలు అడగకపోతే పొరపాటు పడ్డడేమో అని రెండుసార్లు అడిగిందట.

స్కూల్‌కి పోయింది. ఎందుకంటే, చెప్పిన ధర మీద ఎవరన్న లెక్క చేస్తరా, పోయి చూడొద్దా అంది. నేను రాసిన పదివేలూ, తను రాసిన పదిహేనొందలూ, రెండూ ఎవరూ చూడని ధరలే అంది. చూసి వచ్చింది. బస్సు దిగినంక స్కూల్‌కి ఆటో అక్కర్లేదు, ఆమె మోకాళ్ళతోనే నడిచింది. ఇక్కడ బస్టాండ్‌కి షేర్ ఆటో. నెలకి ఐదొందలు చాలు.

తర్వాత ప్రిన్సిపల్ దగ్గరికి పోయిందట. అమ్రీన్ అత్తగారిని అని చెప్పుకుందట. మా కోడలు ఇంట్ల తొమ్మిదివేల పని చేస్తది సార్, మీ పదివేలకి ఎందుకు పంపాలె, పన్నెండు చెయ్యండి అందట. ఆయన పదిన్నర అన్నాడట. ఈమె లేచి గుమ్మం దాకా పోయిందట. చీర దుకాణంలో పోయినట్టే! పిలిచి పదకొండువేలు ఖాయం చేశాడట.

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, సిగ్గుతో తల తీసేసినట్టయింది. సంతలో మేకలాగా నా మీద బేరం! రేపు ఆ మనిషి మొహం ఎట్ల చూడను? అత్తమ్మ అవేవీ పట్టించుకోలేదు. పిండి డబ్బా మూత మీద చాక్‌పీస్‌తో రాయమంది. 11000x. 3000 + 9500x. ఎక్స్ సాబ్ రెండు నెలలకి ఒప్పుకున్నాడు.

అజహర్ ఏమంటాడో అన్నాను. అబ్బా ఏమంటారో అన్నాను. లెక్క కలిసినంక చెప్దాం, ఆగస్టు దాక ఎవరికీ చెప్పేది లేదు అంది. కట్ చేసిన ముక్కలు వెనక గుమ్మం నుంచి శ్రీశైలం దగ్గరికి పోతాయి, మాట్లాడి వచ్చిందట. ఆయన ఆరువేలు నా జీతంలోంచి. మార్తమ్మ మూడువేలు కూడా నా జీతంలోంచే, కాకపోతే మార్తమ్మ రాదు. వంట నేనే చేస్త, ఆ మూడువేలు నా చేతికియ్యాలె అంది. మోకాళ్ళు అన్నాను. ఒక్క ఇంట్ల రెండు సున్నలెందుకు అంది.

మిషన్ ఆగితే అబ్బా అడుగుతారు కదా అమ్మీ అన్నాను. దాని సంగతి నేను చూస్కుంట, నీ ఆధార్, సర్టిఫికెట్లు నిన్ననే తీసిపెట్టిన, నువ్వు పోయి నీ చీర ఇస్త్రీ చేస్కో అంది.

జూన్ 12, గురువారం. బస్సులో

కండక్టర్ ఆధార్ చూసి టికెట్ చింపి ఇచ్చాడు. సున్నా. దీన్ని దాచుకుంటాను.

వెనక గుమ్మం నుంచి బయటపడి గల్లీ మలుపు తిరిగేదాకా మిషన్ చప్పుడు వినపడుతూనే ఉంది. అత్తమ్మకి కుట్టు రాదు. టకటకమని ఒట్టి చప్పుడు, దారం లేదు.

మామయ్య ఏమైంది బేటా అని అడగలేదు.